పౌలు చూసిన రాళ్ళు, చూడని రాళ్ళు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆసియా మైనరు పాత పట్నాల మీద గత సంచికలో వచ్చిన వ్యాసానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం. ఊళ్ళ పేర్లు తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాసి, అవసరమైనచోట నేటి టర్కీ పేరు కూడా ఇచ్చాం. అక్కడ బస్సు బోర్డు మీద కనిపించేది ఆ పేరే కదా.

ప్రశ్న: టూర్ కరపత్రంలో ‘ఏడు చర్చిల దర్శనం’ అని వేశారు. ప్రకటన గ్రంథంలోని ఆ ఏడు చర్చిలూ ఇంకా నిలిచి ఉన్నాయా? (సండే స్కూల్ టీచరు, శ్రీకాకుళం)

నిలిచి లేవు. అసలు అలాంటి భవనాలు అప్పట్లో లేనే లేవు. మొదటి శతాబ్దపు విశ్వాసులు ఇళ్ళలో కూడుకునేవారు. కొలొస్సయి పత్రిక చివర నుంఫా ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెప్పడం మీకు గుర్తుండే ఉంటుంది. క్రైస్తవానికి క్రీ.శ. 313లో రాజ్యం అనుమతి దొరికాకే ఊరి నడుమ పెద్ద చర్చిలు లేచాయి. కాబట్టి ఈ ఏడు ఊళ్ళలో మీకు కనబడే ఏ చర్చి గోడైనా నాలుగో శతాబ్దానిదో, ఆ తర్వాతదో అయి ఉంటుంది.

లవొదికయలో 2010లో బయటపడిన చర్చి వీటిలో బాగా పాతది, నాలుగో శతాబ్దం మొదట్లో కట్టింది. భూమిలోకి రాడార్ తరంగాలు పంపి దాన్ని కనిపెట్టారు. నేల మీది మొజాయిక్, బాప్తిస్మపు తొట్టి చూడొచ్చు. ఫిలదెల్ఫియలో, అంటే నేటి అలాషెహిర్‌లో, మిగిలినవి బైజాంటిన్ (తూర్పు రోము సామ్రాజ్య) కాలపు చర్చి తాలూకు లావుపాటి స్తంభాలు మాత్రమే. తుయతైర ఇప్పుడు అఖిసార్. ఊరి నడుమ కంచె వేసిన ఒక స్థలంలో కాసిని శిథిలాలున్నాయి, అరగంట చాలు. ఊదారంగు పొడి అమ్మే లూదియ సొంతూరు ఇదే. అద్దకం పనివాళ్ళ సంఘం పేరున్న శాసనాలు ఇక్కడ దొరికాయి గనుక ఆ వివరం గట్టిగా నిలబడుతుంది. స్ముర్న నేటి ఇజ్మీర్, కోట్లమందికి కాకపోయినా లక్షలమందికి నిలయమైన మహానగరం. పాత ఊరు దాని కిందే పడి ఉంది. ముఖ్యంగా చూడగలిగేది తవ్వి ఉంచిన అగోరా, అంటే ఊరి బజారు కూడలి. అదీ క్రీ.శ. 178 భూకంపం తర్వాత మళ్ళీ కట్టినది.

ఆ ఏడు పేర్ల వరస మాత్రం ఒట్టిగా పెట్టింది కాదు. ఎఫెసులో బయలుదేరి ఉత్తరంగా స్ముర్న, పెర్గము, అక్కడ మళ్ళుకుని తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ: ఉత్తరాలు పట్టుకెళ్ళే మనిషి రోడ్డు వెంట తిరిగే చుట్టు ఇదే.

ప్రశ్న: ఎఫెసు సెల్సస్ గ్రంథాలయం మెట్ల మీద పౌలు బోధించాడని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి)

కాలమే కుదరదు. పౌలు ఎఫెసులో ఉన్నది క్రీ.శ. 50ల నడుమ. సెల్సస్ అనే రోమన్ అధికారి కోసం ఆయన కొడుకు అక్విలా ఈ గ్రంథాలయం కట్టించింది క్రీ.శ. 117 ప్రాంతంలో. అంటే పౌలు వెళ్ళిపోయాక అరవై ఏళ్ళకు. పైగా మనం ఫొటోలు తీసుకునే ఆ ముఖభాగం పడిపోయిన ముక్కలన్నీ ఏరి ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు 1970–78 మధ్య మళ్ళీ నిలబెట్టింది. గూళ్ళలోని విగ్రహాలు నకళ్ళు, అసలువి వియన్నాలో ఉన్నాయి. పౌలు బోధించాడని అపొస్తలుల కార్యములు చెప్పే తురన్ను పాఠశాల ఎక్కడుండేదో చూపించే రాయి ఇంతవరకూ దొరకలేదు.

మరి పౌలు కళ్ళబడినవి? గ్రంథాలయానికి ఆనుకునే, కుడిచేతి వైపు మూడు కమానుల ద్వారం ఉంది. మజేయస్, మిత్రిదాతెస్ అనే విడుదలైన బానిసలు క్రీ.పూ. 3లో కట్టించారు. అది దాటితే వచ్చే వ్యాపారపు అగోరా స్థలం, పై అగోరా పక్కన అగస్టస్ చక్రవర్తి కాలపు మంటపం కూడా ఆయన కాలానికి ఉన్నవే. అందరూ గ్రంథాలయం ముందు గుమిగూడతారు, ఆ ద్వారం కింద నిలబడేవాళ్ళు తక్కువ. మా మాట వింటే అక్కడ ఎక్కువసేపు ఉండండి.

థియేటరు అప్పటికే ఉంది. ఇప్పుడు లెక్కించే పాతికవేల సీట్లు తర్వాతి పెంపకాలతో కలిపి. స్టేజి వెనక కట్టడమూ ఆయన వెళ్ళాక వచ్చిందే. ఇంకో సంగతి, ఆయన అందులో ప్రసంగించలేదు. వెండి పనివాడు దేమేత్రియ జనాన్ని రెచ్చగొట్టినప్పుడు వాళ్ళు ‘ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి’ అని రెండు గంటలు అరిచారు. పౌలు లోపలికి పోబోతే శిష్యులు పోనివ్వలేదు. తర్వాతి చక్రవర్తులు దొమిషియన్, హద్రియన్‌ల పేరిట ఉన్న గుళ్ళు రెండూ పౌలుకు తెలియనివి.

అర్తెమిదేవి గుడి మాత్రం ఆయన రోజూ చూసే ఉంటాడు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. ఇప్పుడు ఊరి చివర బురద పల్లంలో, ముక్కలు పేర్చి నిలిపిన ఒకే ఒక్క స్తంభం. దీని చోటు కూడా జనం మరిచిపోయారు. థియేటరులో దొరికిన ఒక శాసనంలో దేవి ఊరేగింపు ఏ ద్వారం నుంచి వచ్చి ఏ ద్వారం గుండా పోవాలో రాసుంది. ఇంగ్లండుకు చెందిన జాన్ టర్టిల్ వుడ్ ఆ ద్వారం వెతికి పట్టుకుని, అక్కణ్ణుంచి రోడ్డు వెంట తవ్వుకుంటూ పోయి 1869 ఆఖరున గుడి నేల మీదికి వచ్చాడు.

ప్రశ్న: మా కళింగపట్నం కూడా ఒకప్పుడు ఓడలు ఆగిన రేవే. ఎఫెసు రేవు పూడిపోయి ఊరే పోయిందంటారు. నది మట్టి ఒక్కటే కారణమా? (రిటైర్డ్ ఇరిగేషన్ ఉద్యోగి, గార)

మట్టి నదిదే, తప్పు మాత్రం ఇంజనీర్లది కూడా. కైస్టర్ నది తెచ్చే ఒండ్రు రేవులో పడేది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో పెర్గము రాజు రెండో అత్తలస్, రేవు నోరు ఇరుకు చేస్తే లోపల లోతు పెరిగి పెద్ద ఓడలు వస్తాయని నమ్మి అడ్డంగా గట్టు కట్టించాడు. జరిగింది తలకిందులు. అంతకుముందు సముద్రపు పోటుపాట్లు కొంత మట్టిని బయటికి లాక్కుపోయేవి. గట్టు పడ్డాక ఆ ఊపు లోపలికి అందక, మట్టంతా రేవులోనే దిగబడి మెరక వేసింది. ఈ సంగతి ఆనాటి గ్రీకు రచయిత స్ట్రాబో తన భూగోళ గ్రంథంలో స్పష్టంగా రాశాడు. వంశధార మొగ దగ్గర పనిచేసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతంతా మరమ్మతుల చరిత్రే. నీరో చక్రవర్తి కాలంలో గవర్నరు బరేయా సొరానస్ రేవు పూడిక తీయించాడు. హద్రియన్ క్రీ.శ. 129లో నదిని పక్కకు మళ్ళించే కట్ట వేయించాడు. పాలరాయి కోసేవాళ్ళు ఆ రాతిపొడిని గట్టు మీద నుంచి రేవులోకి తోసేస్తుంటే, అలా చేయకూడదని రెండో శతాబ్దపు గవర్నరు ఒకరు ఆజ్ఞ చెక్కించి పెట్టాల్సి వచ్చింది. ఏదీ నిలవలేదు. ఇప్పుడు సముద్రం అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉంది. థియేటరు ముందు నుంచి రేవు దాకా సుమారు 530 మీటర్లు సాగే పాలరాతి వీధి చివర మీకు కనిపించేది రెల్లుగడ్డి. నీళ్ళు నిలిచిపోయేసరికి దోమలు, జ్వరాలు వచ్చాయి. జనం మెల్లగా యోహానుదని చెప్పే సమాధి ఉన్న అయసులుక్ గుట్ట మీదికి మారిపోయారు. నేటి సెల్చుక్ ఊరు దాని చుట్టూనే ఉంది.

పౌలు ఎఫెసు పెద్దలను పిలిపించి వీడ్కోలు చెప్పిన మిలేతుదీ ఇదే గతి. దాని రేవు ముందున్న లాదె ద్వీపం నేడు పొలాల మధ్య చిన్న గుట్ట.

ప్రశ్న: హియెరాపొలి వేడి నీళ్ళు గొట్టాల్లో లవొదికయకు వచ్చేసరికి నులివెచ్చగా అయిపోయేవని, అందుకే ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి రాసిన పత్రికలో ‘నులివెచ్చన’ అన్న మాట ఉందని మా పాస్టరుగారి ప్రసంగం. అలాంటి గొట్టాలున్నాయా? (బి.ఎడ్. విద్యార్థి, విజయనగరం)

గొట్టాలున్నాయి. హియెరాపొలి నుంచి కాదు. ఈ ప్రశ్న ఆరుగురు అడిగారు కనక కాస్త వివరంగా చెబుతాం.

హియెరాపొలి, అంటే పాముక్కలే, లవొదికయకు ఉత్తరాన, ల్యూకస్ లోయ అవతల పది కిలోమీటర్లలో ఉంది. లవొదికయకు నీళ్ళు వచ్చింది దానికి ఎదురు దిక్కు నుంచి: దక్షిణాన నేటి దెనిజ్లి పట్నంలోని బాష్‌పినార్ ఊట నుంచి, సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఊటకూ ఊరికీ నడుమ పల్లం పడింది. కమానులు కట్టి కాలువ దాటించడానికి బదులు, నీటిని మూసిన గొట్టంలో పల్లంలోకి దించి, ఆ ఒత్తిడితోనే అవతలి గుట్ట మీదికి ఎక్కించారు. చివర మట్టం మొదటి మట్టం కంటే కాస్త తక్కువుంటే నీళ్ళు వాటంతటవే ఎక్కుతాయి. చిక్కంతా పల్లం అడుగునే, ఒత్తిడి అక్కడే ఎక్కువ. మట్టి గొట్టమైతే పగిలిపోతుంది. అందుకని ట్రావర్టిన్ అనే సున్నపు రాతి దిమ్మలకు నడుమ అడుగు వెడల్పుకు దగ్గరగా రంధ్రం తొలిచి, ఒక దిమ్మ మూతి ఇంకో దిమ్మలో దిగేలా చెక్కి, అతుకుల్లో సున్నం కూరారు. అలాంటి వరసలు పక్కపక్కనే రెండు. ఒకటి మూసి బాగుచేస్తున్నా రెండోది నడుస్తుంది. కొన్ని దిమ్మల పైన చిన్న కంత ఉండి, రాతి బిరడా బిగించి ఉంటుంది. గాలి వదలడానికీ, ఎక్కడ అడ్డుపడిందో చూడటానికీ ఆ కంతలు పనికొచ్చేవి.

అడ్డుపడటం అక్కడ నిత్యకృత్యం. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ. ఒత్తిడి తగ్గి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోగానే సున్నం గొట్టం గోడకు అంటుకుంటుంది, మన బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కట్టినట్టు. ఊళ్ళో నీటి గోపురం గోడలో నిలువుగా పెట్టిన మట్టి గొట్టాలు ఇంకా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూడండి. పొర మీద పొరగా రాయి కట్టి, నడుమ దారి సన్నబడిపోయి కనిపిస్తుంది. లవొదికయలో మొదటి అరగంట ఈ గోపురానికే ఇవ్వమని మా సలహా.

నీటి దొంగలూ ఉండేవారు. క్రీ.శ. 114 నాటి నీటి చట్టం చెక్కిన పాలరాతి పలక ఇక్కడ దొరికింది. గొట్టం పగలగొట్టినా, పొలానికి మళ్ళించుకున్నా, సీలు తీసినా జరిమానా. ఊరి నీరు పొలానికి ఉచితంగా వదలడమూ నేరమే.

ఇక ‘నులివెచ్చన’ సంగతి. పక్కనున్న హియెరాపొలిలో 35 డిగ్రీల వేడి ఊటలు ఒంటి నొప్పులకు మంచివి. ఇంకో పక్క కొలొస్సయిలో కొండ దిగివచ్చే చల్లటి నీళ్ళు తాగడానికి మంచివి. రెండూ కాని నీళ్ళు దేనికీ పనికిరావు. పత్రిక విన్నవాళ్ళకు ఈ పోలిక తట్టి ఉండొచ్చు, మాకూ ఇది సబబుగానే తోస్తుంది. ‘చల్లగానైనా ఉండు’ అనడంలో చల్లదనం మంచిదిగానే చెప్పారు కదా. వేడి నీటి గొట్టం కథ మాత్రం వదిలేయాలి. దానికంటే గట్టి ఆధారమున్నది అదే పత్రికలోని ‘నేను ధనవంతుడను’ అన్న మాట. క్రీ.శ. 60 భూకంపంలో ఊరు కూలితే, లవొదికయవాళ్ళు రోము సాయం పుచ్చుకోకుండా సొంత డబ్బుతో కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. క్రీ.శ. 17లో అదే గతి పట్టిన సార్దీస్ అయిదేళ్ళ పన్ను మాఫీ, కోటి సెస్టర్సుల (రోమన్ నాణేల) సాయం తీసుకుంది. ప్రసంగానికి ఈ రెండూ పక్కపక్కన పెడితే బాగుంటుంది.

ప్రశ్న: గుళ్ళు పడగొట్టి చర్చిలు కట్టారా? (పాఠకుడు, ఆమదాలవలస)

ఒక్కో ఊళ్ళో ఒక్కోలా జరిగింది. సార్దీస్‌లో అర్తెమిదేవి గుడిని దాదాపు ఉన్నదున్నట్టు వదిలి, దాని మూలన చిన్న చర్చి కట్టుకున్నారు. గుడి ద్వారబంధం మీద సిలువ గీసి ‘వెలుగు, జీవం’ అని గ్రీకులో చెక్కారు. పెర్గములో ఈజిప్టు దేవతల కోసం కట్టిన ఎర్ర ఇటుకల మహా మందిరం లోపలే చర్చి లేచింది. దాని ముంగిలి కింద సెలినస్ వాగు ఇప్పటికీ రెండు కమాను సొరంగాల్లో పారుతోంది.

అన్నిటికంటే తెలివైన పని అఫ్రోదిసియస్‌లో జరిగింది. గుడికి జనం బయట నిలబడతారు, లోపల దేవి ఒక్కతే ఉంటుంది. చర్చికి జనమంతా లోపలే ఉండాలి. క్రీ.శ. 500 ప్రాంతంలో అక్కడి పనివాళ్ళు అఫ్రొడైటీ గుడిని లోపలిది బయటికి తిరగేశారు. పొడుగు వైపుల పదమూడేసి స్తంభాలను కదపలేదు. ముందూ వెనకా ఉన్నవాటిని దించి, ఆ రెండు వరసల కొసన నిలబెట్టి, వరసకు పంతొమ్మిది చేశారు. గర్భగుడి గోడలు విప్పి, ఆ రాళ్ళతోనే స్తంభాల బయట కొత్త గోడలు లేపారు. ఒకప్పటి బయటి వరండా స్తంభాలు ఇలా చర్చి లోపలి స్తంభాలయ్యాయి, కట్టడం గుడి కంటే పెద్దదైంది. తర్వాత ఊరి పేరు కూడా మార్చి స్టావ్రోపొలిస్, సిలువ పట్నం, అన్నారు. పాత శాసనాల్లో అఫ్రొడైటీ పేరు చెక్కేసిన గంట్లు వెతికితే కనిపిస్తాయి.

ప్రశ్న: ఈ ఊళ్ళలో క్రైస్తవులను రోజూ వెంటాడి చంపేవారా? (రాజాం)

ఎప్పుడూ ఒకేలా లేదు. నల్లసముద్రం ఒడ్డు బితునియ గవర్నరు ప్లినీ క్రీ.శ. 112 ప్రాంతంలో త్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం, దాని జవాబు రెండూ మిగిలాయి. తన ముందుకు తెచ్చినవాళ్ళను మూడుసార్లు అడిగేవాడట, మొండికేస్తే శిక్ష. వాళ్ళను పనిగట్టుకుని వెతకొద్దు, పేరు లేని ఫిర్యాదులు తీసుకోవద్దు, దేవతలకు మొక్కినవాణ్ణి వదిలేయి అని చక్రవర్తి జవాబు. అంటే పొరుగువాడు పేరు పెట్టి ఫిర్యాదు చేస్తేనే ప్రమాదం. ఆ పొరుగువాడికి కోపం ఎందుకన్నదానికి ప్లినీ ఉత్తరంలోనే సూచన ఉంది: గుళ్ళు వెలవెలబోయి, బలి మాంసం కొనేవాడు లేకుండా పోయాడు. ఎఫెసు వెండి పనివాడు దేమేత్రియ గొడవా ఇలా వ్యాపారం పోతుందన్న భయంతోనే. స్ముర్న బిషప్ పొలికార్పు క్రీ.శ. 155 ప్రాంతంలో స్టేడియంలో కాల్చబడ్డాడు. ఆ స్టేడియం ఇప్పుడు ఇజ్మీర్ ఇళ్ళ కింద ఉంది, చూడటానికి ఏమీ లేదు.

ప్రశ్న: హియెరాపొలి గుహలో బలికి తెచ్చిన ఎద్దులు చచ్చేవి, పూజారులు బతికేవారట. ఎలా? (సైన్సు టీచరు, చీపురుపల్లి)

భూమి పగులు నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్. గాలి కంటే బరువు, నేలబారున మడుగు కడుతుంది. ఎద్దు ముట్టె ఆ మడుగులో ఉంటుంది. నిలబడి, ఊపిరి బిగబట్టే పూజారి తల పైనుంటుంది. రాత్రి చేరిన గ్యాస్ తెల్లవారుజామున అతి చిక్కగా ఉండి, ఎండెక్కితే పలచబడుతుంది. గుహ లోపల 90 శాతం దాకా కొలిచారు. స్ట్రాబో పిచ్చుకలను వదిలి చూస్తే వెంటనే పడిపోయాయట. ఇప్పటికీ పక్షులు చస్తున్నాయి గనుక కంచె దాటకండి.

ప్రశ్న: 70 ఏళ్ళ అమ్మగారితో ఏడు ఊళ్ళూ చూడాలి. ఎన్ని రోజులు, ఏ వరసలో? (పలాస)

మ్యాపు మీద ఆరు రోజులు. అమ్మగారితో అయితే ఏడు వేసుకోండి. ఏప్రిల్ రెండో సగం, మే, లేదా అక్టోబరు. జూలై, ఆగస్టుల్లో పాలరాయి నుంచి కొట్టే వేడి మన రోహిణికార్తె కంటే తక్కువేం కాదు, ఈ శిథిలాల్లో నీడన్నదే ఉండదు.

ఇజ్మీర్‌లో దిగి మొదటి రోజు అగోరా. రెండో రోజు బెర్గమా (పెర్గము), వంద కిలోమీటర్ల పైచిలుకు. కొండ మీదికి రోప్‌వే ఉంది, అదే ఎక్కించండి. అక్కడి థియేటరు వరసలు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, పైనుంచి చూసి వచ్చేయాలి. మూడో రోజు అఖిసార్, సార్త్ (సార్దీస్), అలాషెహిర్ మూడూ దారిలోనే పడతాయి. సార్త్‌కు రెండు గంటలు ఇచ్చి, మిగతావాటికి అరగంట చొప్పున చాలు. రాత్రికి పాముక్కలే. నాలుగో రోజు పొద్దున్నే లవొదికయ, సాయంత్రం హియెరాపొలి. తెల్లటి సున్నపు మెట్ల మీద చెప్పులు తీసే నడవాలి. కింది నుంచి ఎక్కితే అది పెద్దవాళ్ళకు కష్టం, పై గేటు దగ్గర దిగి బ్యాటరీ బండి ఎక్కండి. అయిదో రోజు అఫ్రోదిసియస్ మీదుగా సెల్చుక్. ఆరో రోజు ఎఫెసు.

ఎఫెసులో అందరూ చేసే పొరపాటు కింది గేటు నుంచి మొదలుపెట్టడం. పై గేటు దగ్గర దిగితే దారంతా పల్లమే. కారు మాత్రం కింది గేటు దగ్గరికి పంపేయాలి. టాయిలెట్లు గేట్ల దగ్గరే ఉన్నాయి, లోపల లేవు. రాళ్ళు అరిగి నున్నగా ఉంటాయి, చినుకు పడితే జారతాయి, రబ్బరు అట్ట ఉన్న బూట్లు వేయించండి. కొండవాలున మెట్లుమెట్లుగా ఉన్న రోమన్ కాలపు ఇళ్ళకు (Terrace Houses) విడిగా టిక్కెట్టు, మెట్లూ ఎక్కువ. మీరొక్కరూ వెళ్ళి చూసి రండి.

వీసా: అమెరికా, బ్రిటన్, షెంగెన్ వీసా చెల్లుబాటులో ఉన్న మనవాళ్ళకు ఆన్‌లైన్‌లో ఈ-వీసా దొరుకుతుంది. లేనివాళ్ళు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ నిబంధనలు మారుతుంటాయి, టిక్కెట్లు కొనేముందే చూసుకోండి.

ప్రశ్న: గేటు బయట రోమన్ నాణేలు అమ్ముతారట. కొనొచ్చా? (సాలూరు)

వద్దు. నూటికి తొంభైపాళ్ళు అవి కొత్తగా పోతపోసి, ఆమ్లంలో నానబెట్టి పాతబరచినవి. అంచు చుట్టూ సన్నటి పోత గీత కనబడితే ఇక అనుమానమే అక్కర్లేదు. ఒకవేళ నిజమైనదైతే ఇంకా ప్రమాదం. 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం పురావస్తువులు దేశం దాటించడం జైలు నేరం, కుండపెంకు ముక్క కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నేల మీది రాయి జేబులో వేసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. జ్ఞాపకానికి మ్యూజియం దుకాణంలో నకలు కొనుక్కోండి, ఆ బిల్లు విమానం ఎక్కేదాకా చేతిసంచిలోనే ఉంచుకోండి.